మీ బండి కిలో యాభై రూపాయలు

ఊరు మారుతున్నాం, బండి ఎలా పంపాలి అని ఎవర్నడిగినా ఒకటే సలహా.. "మంచి ప్యాకర్స్ వాణ్ణి చూస్కో". మంచివాడంటే ఎవడండీ? తక్కువ రేటు చెప్పినవాడా? బబుల్ షీటు నాలుగు చుట్లు ఎక్కువ చుట్టినవాడా? నా మటుకు నాకు మంచివాడంటే ఒక్కడే. "ఈ బండి విలువ ఇంత" అని రసీదు మీద అంకె వేసి, కింద సంతకం పెట్టేవాడు. అలాంటివాణ్ణి వెతకండి చూద్దాం. పది ఫోన్లు చేస్తే పదిమందీ రేటు చెప్తారు, అంకె మాటెత్తగానే "అవన్నీ మేం చూస్కుంటాం సార్" అంటారు. ఆ చూస్కోవటం ఏమిటో కాస్త విప్పి చూద్దామనే ఈ టపా.

ముందు రైలు సంగతి. ఎందుకంటే అక్కడ రూల్సు కనీసం కాగితమ్మీద కనిపిస్తాయి. మీరెక్కే రైలుకే, మీ టిక్కెట్టు చూపించి బండి బుక్ చేస్తే అది లగేజీ. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా బండి ఒక్కదాన్నే పంపితే అది పార్సెల్. త్రీ టయర్ ఏసీ టిక్కెట్టు మీద 40 కిలోల సామాను ఉచితం కదా, బండి బరువులోంచి ఆ నలభై కొట్టేయమని కౌంటర్లో వాదించే తెలివైనవాళ్ళు కొందరుంటారు. కుదరదు. స్కూటర్లకీ సైకిళ్ళకీ ఆ ఉచితం వర్తించదు. సరే, న్యాయమే. పెట్రోలు మొత్తం తీసెయ్యాలి, అదీ న్యాయమే, జనం కూర్చున్న రైల్లోకి నిండు ట్యాంకు ఎక్కించమని ఎవరంటారు. ఆర్సీ కాపీ, ఐడీ కాపీ, చాలాచోట్ల ఇన్సూరెన్సు కాపీ కూడా అడుగుతారు. పార్సెల్ ఆఫీసు బయట గోనెపట్టాలు పట్టుకుని కూర్చునేవాళ్ళకి వేరే డబ్బులు. ఇదంతా ఒకసారి పంపినవాళ్ళందరికీ తెలిసిందే.

చాలామందికి తెలియంది ఇంకోటుంది. 1989 నాటి రైల్వే చట్టంలో 103వ సెక్షను. బుక్ చేసేటప్పుడు వస్తువు విలువ ఇంత అని మీరు ప్రకటించి, ఆ విలువ మీద కొంత శాతం అదనంగా కడితే సరే. కట్టకపోతే, వస్తువు పోయినా పగిలినా రైల్వే బాధ్యతకి ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి ఎలా లెక్కేస్తారనుకున్నారు? బరువుని బట్టి! 1990లో చేసిన రూల్సు ప్రకారం లగేజీ అయితే కిలోకి 100 రూపాయలు, పార్సెల్ అయితే కిలోకి 50.

ఇప్పుడు లెక్క వేసుకోండి. 195 కిలోల క్లాసిక్ 350 పార్సెల్లో పంపారు, ఫార్వర్డింగ్ నోటులో విలువ గడి ఖాళీగా వదిలేశారు. బండి మొత్తానికి మొత్తం మాయమైపోయినా సరే, మీకు రావాల్సింది ఎక్కువలో ఎక్కువ 9,750 రూపాయలు. 105 కిలోల స్కూటర్ అయితే 5,250. ఇవాళ కిలో కందిపప్పు రేటు దీనికి రెట్టింపు పైమాటే. అంటే బండి బదులు అంతే బరువు కందిపప్పు పంపుకుంటే మీ దగ్గర ఎక్కువ ఆస్తి ఉన్నట్టు లెక్క :)

ఇందులో రైల్వే గుమాస్తాని తిట్టి లాభం లేదు. గడి ఉంది, రూలు ఉంది, రుసుము కట్టించుకునే పద్ధతీ ఉంది. కానీ ఆ గడి నింపమని ఎవరూ చెప్పరు. బయట కూర్చున్న పోర్టరో ఏజెంటో మీ తరఫున ఫారం నింపేసి, "సార్ ఇక్కడ సంతకం" అంటాడు. రైలుకి టైమవుతోందని మీరు పెట్టేస్తారు. అక్కడే మీ లక్షా ఎనభై వేల బండి తొమ్మిది వేలకి దిగిపోయింది.

ఇక రోడ్డు సంగతికి వద్దాం. అసలు కోపం ఇక్కడే. మన వాళ్ళలో ఎక్కువమంది బళ్ళు వెళ్ళేది ట్రెయిలర్ల మీద, కంటైనర్ లారీల్లో. హైదరాబాదు నుంచి పూనాకో, నోయిడాకో, గుర్‌గావ్‌కో ఉద్యోగం మారితే ఇంటి సామానుతో పాటు బండీ అదే లారీలో. ఈ మధ్య లడఖ్ వెళ్ళే కుర్రాళ్ళు కూడా ఛండీగఢ్ దాకా బళ్ళు లారీలో పంపి, తాము విమానంలో వెళ్ళి అక్కణ్ణించి నడుపుతున్నారు. "ట్రెయిలర్ మీద బండి పంపేవాడు రైడరే కాదు" అని వాళ్ళని వెక్కిరించే వీరులు కొందరున్నారు. పదిరోజుల సెలవులో నాలుగు రోజులు హైవే మీద నిద్రమత్తులో, వెనక సీటు మీద ముప్ఫై కిలోల బ్యాగులు కట్టుకుని పోవటంలో మగతనం ఏముందో నాకు తెలీదు. పంపనివ్వండి. పంపటం తప్పు కాదు. ఆ పంపించే వ్యాపారం నడుస్తున్న తీరు తప్పు.

దీనికో చట్టం ఉందని కూడా చాలామందికి తెలీదు. 1865 నాటి క్యారియర్స్ చట్టాన్ని తీసేసి 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం తెచ్చారు, 2011లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఈ వ్యాపారం చేసేవాడెవడైనా రిజిస్టర్ చేయించుకోవాలి. "మేం ట్రాన్స్‌పోర్టు వాళ్ళం కాదు సార్, ఉత్త బుకింగ్ ఏజెంట్లం" అనే పాత పాట కూడా చెల్లదు, ఎందుకంటే కామన్ క్యారియర్ అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే బుకింగ్ కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు అందర్నీ చేర్చారు. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ ఇక్కడా ఒక పరిమితి పెట్టారు. రైల్వే బరువు చూస్తే, వీళ్ళు కిరాయి చూస్తారు. మీరు హయ్యర్ రిస్క్ రేటు కట్టడానికి ఒప్పుకోకపోతే, నష్టపరిహారం మీరిచ్చిన కిరాయికి పది రెట్లు, అదీ మీరు రాయించిన విలువకి మించకుండా. 6,000 కిరాయి అయితే 60,000. బేరమాడి కిరాయి 4,500కి దించితే, మీ బండి విలువ కూడా 45,000కి దిగింది! మనకి బేరం చెయ్యటమంటే మహా సరదా కదా. రెండు వేలు తగ్గించానని ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాళ్ళకి, ఇరవై వేల భద్రత కూడా దాంతోపాటే తగ్గిందని చెప్పేదెవరు?

సరే, హయ్యర్ రిస్క్ రేటు కడతాం, ఎంత? ఈ ప్రశ్న ఎప్పుడైనా అడిగి చూడండి. అదే చట్టంలో 11వ సెక్షను ఏం చెప్తుందంటే, ఆ ఎక్కువ రేటు వసూలు చెయ్యాలంటే క్యారియర్ తన వ్యాపారస్థలంలో ఆ రేటెంతో నోటీసు పెట్టాలి. ఇంగ్లీషులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ. అంటే మన దగ్గర తెలుగులో. నేను ఇప్పటివరకు ఏడెనిమిది ఆఫీసులు చూసుంటాను. వెంకటేశ్వరస్వామి పటం ఉంది, గల్లాపెట్టె ఉంది, "అరువు అడగరాదు" బోర్డుంది. ఆ నోటీసు మాత్రం ఎక్కడా లేదు.

దాని బదులు ఏముంటుందంటే, ఇన్సూరెన్సు. "మూడు శాతం కట్టండి సార్, ఫుల్ సేఫ్టీ" అంటారు. పాలసీ ఏ కంపెనీది, నంబరెంత అంటే నోరు పెగలదు. బిల్లులో ఇన్సూరెన్సు అనో ఎఫ్ఓవీ అనో ఒక వరుస రాసి డబ్బు తీసుకుంటారు, కాగితం మాత్రం ఇవ్వరు. పాలసీ కాగితం చేతికివ్వకుండా ఇన్సూరెన్సు పేరుతో డబ్బు తీసుకోవటాన్ని మామూలు తెలుగులో ఏమంటారో మీకు తెలుసు.

దీంట్లో అన్యాయం ఏమిటంటే, మీకా ఇన్సూరెన్సు ఆల్రెడీ ఉండొచ్చు! మీ బండికి ఉన్నది ఉత్త థర్డ్ పార్టీ కాకుండా పూర్తి ప్యాకేజీ పాలసీ అయితే, దాన్ని తీసి మొదటి సెక్షను చదవండి. అగ్నిప్రమాదం, దొంగతనం, వరద, భూకంపం అని వరుసగా రాసుకుంటూ వచ్చి, రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానం, వీటి మీద బండిని తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా అని ఉంటుంది. లిఫ్టు కూడా ఉంది చూశారా. ఇన్నాళ్ళూ ప్రీమియం కడుతూ మన పాలసీ మనమే చదవం, లారీవాడేమో మనకున్నదాన్నే మనకి మళ్ళీ అమ్ముతాడు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, నిజమే. అయినా లేని పాలసీ కన్నా ఉన్న పాలసీ మేలు.

2023లో నా బండి హైదరాబాదు నుంచి పూనా పంపాల్సొచ్చింది. నాదీ, మా ఆఫీసులో ఇంకో అతనిదీ ఒకే లారీలో. కూకట్‌పల్లి వైపు ఒక ఆఫీసు, పేరు అనవసరం, ఈ విషయంలో అందరూ ఒక తానులో గుడ్డలే. రసీదు పుస్తకం తీసి "బైక్ - 1" అని రాశాడు. విలువ రాయమన్నాను. ఐడీవీ 1,12,000 అని పాలసీ చూపించాను.

"ఏం కాదు సార్, రోజూ ఇరవై బండ్లు పోతయ్ మా దగ్గర" అన్నాడు.

"ఏమీ కాకపోతే రాయటానికేంటి?"

"రాస్తే రిస్క్ మాకైతది గద సార్."

ఇంత నిజాయితీగా ఈ వ్యాపారంలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు :) రిస్కు ఎవరి మీద ఉండాలన్నదే అసలు గొడవ. ఆ గడి ఖాళీగా ఉంటే అది నా మీద, నిండితే వాడి మీద. గంటసేపు కూర్చున్నాక, వాళ్ళ పై సార్‌కి రెండుసార్లు ఫోన్ చేశాక రాశాడు. బండి చుట్టూ తిరిగి ఫోటోలు, స్పీడోమీటర్ రీడింగు, ఉన్న గీతలు అన్నీ రసీదు వెనక రాయించి సంతకం తీసుకున్నాను. రెండో అతని చీటీ మీద మాత్రం "బైక్ - 1" అనే ఉంది, "ఎందుకు గొడవ" అన్నాడతను.

పూనాలో లారీ తలుపు తీస్తే రెండు బళ్ళూ ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి మీదికి ఎవరిదో వాషింగ్ మెషీను ఒరిగి ఉంది. నా బండి ట్యాంకుకి సొట్ట, బ్రేకు లివరు విరిగింది. అతని ట్యాంకుకి ఇంకా పెద్ద సొట్ట. "బాగున్న స్థితిలో ముట్టింది" అని సంతకం పెడితేనే దింపుతామన్నాడు లారీతో వచ్చినతను. పెట్టను, దెబ్బలన్నీ రాసి పెడతాను అన్నాను. అరగంట హిందీలో రభస అయ్యాక దింపాడు. రిపేరు 14,300 అయింది. నోటీసు పంపితే ముందు "ఓనర్స్ రిస్క్ అని ముద్ర ఉంది" అని జవాబొచ్చింది. ఆ ముద్ర వేసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని సుప్రీం కోర్టు 2000లోనే చెప్పింది, అదే రాసి ఇంకో ఉత్తరం పంపాను. నాలుగు నెలలకి 11,000 ఇచ్చారు. అతనికి నయాపైసా రాలేదు. "మీ బండికి ఆ సొట్ట ముందే ఉంది" అన్నారు. కాదని చూపించటానికి అతని దగ్గర ఏముంది? ఒకే లారీ, ఒకే రోజు, ఒకే వాషింగ్ మెషీను.

మన సాఫ్ట్‌వేర్ జనానికి ఇది వింతగా అనిపించాలి. ఫైలు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి పంపితే అటూ ఇటూ చెక్‌సమ్ సరిచూసుకుంటాం. అదే మనం సొంత బండి పంపేటప్పుడు యూడీపీ ప్యాకెట్ విసిరినట్టు విసిరేసి, చేరితే చేరింది లేకపోతే లేదు అని కూర్చుంటాం.

ఇక కట్టే పద్ధతి. దీని గురించి ఎంత తిట్టినా తక్కువే. మన లారీల్లో బండిని సైడు స్టాండు మీద నిలబెట్టి, హ్యాండిల్ చివర్లకి కొబ్బరితాడు ముడేసి, రెండు బళ్ళ మధ్య ఎవరిదో పరుపు దోపుతారు. అయిపోయింది ప్యాకింగు. లారీ గుంతలో పడ్డప్పుడల్లా బండి సస్పెన్షను కిందికి దిగి లేస్తుంది. దిగినప్పుడు తాడు వదులవుతుంది, లేచినప్పుడు గుంజుతుంది. వంద కిలోమీటర్లయ్యేసరికి ముడి ముడిలాగే ఉంటుంది, బిగువు ఉండదు. బరువంతా ఆ చిన్న స్టాండు మీద పడుతుంది. హ్యాండిల్ చివర్లకి కడితే హ్యాండిల్ వంగుతుంది. స్కూటర్ అయితే ప్లాస్టిక్ ప్యానెల్స్ పగుల్తాయి.

సరైన పద్ధతి ఏమంత బ్రహ్మవిద్య కాదు. ముందు చక్రం కదలకుండా ఒక చాక్‌లో దూర్చాలి. ఫోర్కు కింది క్లాంపు దగ్గర మెత్తటి పట్టీలు వేసి, చెరో పక్కకి, కాస్త ముందుకి రాచెట్ బెల్టులతో కిందికి లాగాలి. ముందు సస్పెన్షను సుమారు సగం దిగేదాకా. అప్పుడు బండే బెల్టుని పైకి తన్నిపట్టి ఉంచుతుంది, గుంతల్లో వదులు కాదు. పూర్తిగా దించేస్తే ఫోర్కు సీళ్ళు కారతాయి, అందుకే సగం. వెనక ఇంకో రెండు, ఎగరకుండా. స్టాండు పైకి తీసెయ్యాలి, గేరులో ఉంచాలి. బయల్దేరిన కాసేపటికి ఒకసారి ఆపి బిగువు చూసుకోవాలి. అమెరికాలో యూ-హాల్ వాడు అద్దెకిచ్చే మోటార్ సైకిల్ ట్రెయిలర్‌లో ఆ చాకూ, బెల్టులు కట్టే కొక్కేలూ తయారుగానే ఉంటాయి. అక్కడ మనవాళ్ళు చాలామంది కారు వెనక తగిలించుకుని ఎవరి బండి వాళ్ళే కట్టుకుంటారు. అమెరికా భజన చెయ్యటం నా ఉద్దేశం కాదు. నాలుగు రాచెట్ బెల్టుల ఖరీదెంత? బండికి ఆరేడు వేలు వసూలు చేసేవాడు ఒకసారి కొని ఏళ్ళ తరబడి వాడుకునే వస్తువు. కొనడు. పగిలితే తనకి పోయేదేం లేదు కదా. ఎవరికి నష్టమొస్తుందో వాళ్ళే తాడు సంగతి ఆలోచిస్తారు, ఆ నష్టం చీటీ మీద ఖాళీ గడి వల్ల మన వైపుకి జరిగిపోయింది. రెండూ ఒకే జబ్బు.

ఇంకో జాడ్యం, దారిలో రేటు పెంచటం. దింపేటప్పుడు "స్టేట్ టాక్స్" అని రెండు వేలు అడుగుతారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఎంట్రీ టాక్సు దాన్లో కలిసిపోయింది. సొంతానికి వాడుకున్న ఇంటి సామానుకి, వ్యక్తిగత సామానుకి ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు. ఏ రాష్ట్రానికి కట్టారు, చలానా చూపించమంటే మాట మారుస్తారు.

నేనడిగేది పెద్దదేం కాదు. బండికి విలువ కట్టడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ప్యాకేజీ పాలసీ ఉన్న ప్రతి బండికీ పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంది. ఇన్సూరెన్సు కంపెనీ ఒప్పుకున్న అంకె, మనం నోటికొచ్చింది చెప్పింది కాదు. ఆ కాపీ ఎలాగూ తీసుకుంటున్నారు, ఫైల్లో పెట్టుకుంటున్నారు. ఆ అంకెని రసీదు మీదకి ఎక్కించాలి, ఎక్కించని రసీదుకి ఐడీవీయే విలువ అని చట్టంలో రాయాలి. రైల్వేకీ అంతే, లారీకీ అంతే. బరువుని బట్టి పరిహారం సిమెంటుకి సరిపోతుందేమో. రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇన్సూరెన్సు ఉన్న వస్తువుకి కాదు.

దీనికి వెంటనే వచ్చే జవాబు, "అలా చేస్తే కిరాయిలు పెరుగుతాయి". పెరగనివ్వండి. ఇప్పుడు తక్కువ ఉందనుకుంటున్న కిరాయిలో మిగతా భాగం బండి పగిలినవాడు ఒక్కడే కడుతున్నాడు. వందమందికి తలా రెండొందలు తగ్గించి ఒక్కడి మీద ఇరవై వేలు రుద్దటాన్ని చవక అనకూడదు. రెండో జవాబు ఇంకా విచిత్రం, "అమ్మేసి అక్కడ ఇంకోటి కొనుక్కోవచ్చుగా". రెండేళ్ళ ఈఎమ్ఐ మిగిలిన బండిని ఫైనాన్సు వాడి ఎన్ఓసీ లేకుండా ఎలా అమ్ముతారు? మొదటి ఉద్యోగంలో చేరటానికి వేరే ఊరెళ్ళే కుర్రాడికి, బదిలీ అయిన జవానుకి, బ్యాంకు గుమాస్తాకి ఇంట్లో ఉన్న అతి ఖరీదైన వస్తువు ఆ బండే. ఈ సలహా ఇచ్చేవాళ్ళకి రెండు కార్లుంటాయి.

చట్టం మారేదాకా మీ చేతిలో ఉన్నవి చెప్తాను. విలువ రాయించండి, రాయనంటే ఇంకో ఆఫీసుకి వెళ్ళండి. లారీ అయితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, రైల్వే అయితే ఆరు నెలల్లోపు. రైల్లో వచ్చిన బండి ప్యాకింగు చిరిగి, దెబ్బతిని కనిపిస్తే ఓపెన్ డెలివరీ అడగండి, 81వ సెక్షను ప్రకారం ఇవ్వాల్సిందే. రసీదు మీద "ఢిల్లీ కోర్టుల పరిధి" అని ఉందని భయపడకండి, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుంటున్న ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. పక్క పెట్టెల్లో, సీటు కింద ఏమీ వదలకండి. బండి మీద ఇతరుల సామాను పెట్టరాదు అని రసీదులో ఒక వాక్యం రాయించండి. నవ్వుతారు, రాయించండి.

అన్నట్టు ఆ 11వ సెక్షను బోర్డు, తెలుగులో హయ్యర్ రిస్క్ రేటు రాసి ఉన్నది, మీ ఊళ్ళో ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనైనా కనిపిస్తే ఒక ఫోటో తీసి పంపండి. ఆ ఆఫీసువాడికి నేనే ఉచితంగా ప్రచారం చేసిపెడతాను.